150 నిమిషాల కయాక్ ట్రిప్ 441 నిమిషాలు ఎందుకైంది: ఒక ప్లాన్ షీట్ డైరీ

ఇది ట్రిప్ విశేషాల డైరీ కాదు. చుట్టుపక్కల ఉండే ఎనిమిది మందిమి సముద్రంలో కయాక్‌లు వేసుకుని కలిసి తిరుగుతాం. అందుకు వాడే ప్లాన్ షీట్ ఎలా తయారైందో, ఏ గడి ఎక్కడ తప్పిందో, ఎందుకు మార్చామో ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా నకలు చేసుకోవచ్చు. అయితే పద్ధతిని నకలు చేయండి, అంకెల్ని వద్దు. ఇవి మా చేతులకీ మా పడవలకీ మా నీళ్లకీ పుట్టిన అంకెలు.

గాలి ఎంత, అల ఎంత, పోటు ఎప్పుడు అన్నవి ఫోన్ తెరిస్తే దొరుకుతాయి. మా గుంపు ఎంత వేగంగా వెళ్తుంది, ఎంత సేపట్లో ఒడ్డెక్కుతుంది, బోల్తా పడ్డ మనిషిని ఎన్ని నిమిషాల్లో పడవలో కూర్చోబెడుతుంది అన్నవి మాత్రం ఏ యాప్ చెప్పదు. షీట్లో తప్పిన గడులు దాదాపు అన్నీ ఈ రెండో రకానివే.

పరీక్ష కోసం ఒకే రూటు పెట్టుకున్నాం. బయలుదేరే తీరానికి 5 మైళ్ల దూరంలో ఒక చిన్న ఇసుక తీరం. వెళ్లి, దిగి, తిని, తిరిగి రావాలి. మైలంటే ఇక్కడ నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు. దారిలో 2 మైళ్ల దగ్గర రెండు కొండల మధ్య ఒక ఇరుకు ఉంది. ఆటుపోట్ల నీరంతా అందులోంచే పోవాలి. దాని సంగతి నాలుగో దశలో.

మొదటి షీట్లో ఉన్న లెక్క ఒక్కటే: 10 మైళ్లు, 4 నాట్లు, రెండున్నర గంటలు.

మొత్తం: 150 నిమిషాలు

## దశ 1: వేగం

ఆ 4 నాట్లు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. కయాక్ వేగం అంతుంటుందని ఎక్కడో చదివాం, రాసేశాం. సరిగ్గా కొలవడానికి ఇలా చేశాం:

1. చార్టులో సరిగ్గా ఒక మైలు ఎడమున్న రెండు కదలని గుర్తులు ఎంచుకున్నాం.
2. గాలి లేని పొద్దున, మాట్లాడుకుంటూ వెళ్లగలిగే వేగంతో ఒక్కొక్కరు వెళ్లి తిరిగొచ్చారు.
3. వెళ్లిన వేగం వేరుగా, వచ్చిన వేగం వేరుగా లెక్కగట్టి, రెండింటి సగటు తీశాం.

మూడో అంకెలో ఒక చిక్కు ఉంది. రెండు సమయాలనూ కలిపి సగం చేస్తే లెక్క తప్పుతుంది. నీళ్లలో నిజంగా 3 నాట్లతో వెళ్లే మనిషికి 1 నాట్ ప్రవాహం ఉందనుకుందాం. ప్రవాహంతో 4 నాట్లు, 15 నిమిషాలు. ఎదురుగా 2 నాట్లు, 30 నిమిషాలు. సమయాల సగటు 22.5 నిమిషాలు, అంటే 2.67 నాట్లు అని వస్తుంది. వేగాల సగటు తీస్తేనే అసలు అంకె 3 వస్తుంది. మొదట మేం వేసిన పట్టిక ఈ ఒక్క కారణానికే మళ్లీ రాయాల్సి వచ్చింది.

ఒక్కొక్కరి వేగాలు: అందరికంటే జోరుగా వెళ్లేవారు 4.6, అందరికంటే నెమ్మదిగా వెళ్లేవారు 3.1 నాట్లు. అప్పుడు ఎనిమిది మందీ కలిసి వెళ్తే 3.1 రావాలి కదా? మొదటిసారి 2.7 వచ్చింది. గుంపు వేగం అందరికంటే నెమ్మదైన మనిషి వేగం కంటే తక్కువ.

కారణం వెనక నుంచి చూస్తే తెలిసింది. ముందున్నవాళ్లు దూరం వెళ్లి ఆగుతారు. వెనకవాళ్లు ఆయాసపడుతూ వచ్చి కలుస్తారు. కలవగానే, అప్పటికే సేదతీరిన ముందువాళ్లు బయలుదేరతారు. అలసినవాళ్లకు విశ్రాంతి దొరకదు, ప్రతి గంటకూ ఇంకాస్త నెమ్మదిస్తారు. అందుకే వరుస మార్చాం. అందరికంటే నెమ్మదిగా వెళ్లేవారు రెండో స్థానంలో ఉంటారు. ముందున్న మనిషి వెనక్కి చూస్తూ ఆ ఒక్కరి వేగానికే తెడ్డు వేస్తారు. ముందు మనిషిని ఎవరూ దాటకూడదు. దీంతో 3 నాట్లు వచ్చింది.

జీపీఎస్ వాచీ చూపించే సగటు వేగాన్ని నమ్మకండి. కొన్ని వాచీలు ఆగిన సమయాన్ని వదిలేసి, కదిలిన సమయానికే సగటు చూపుతాయి. సరదాకి బాగుంటుంది, ప్లానుకి పనికిరాదు. గోడ గడియారం లెక్కే లెక్క.

10 మైళ్లు, 3 నాట్లు. మొత్తం: 200 నిమిషాలు

## దశ 2: తెడ్డు వేయని సమయం

నీళ్లు తాగడానికి గంటకోసారి 5 నిమిషాలు అని కాగితం మీద ఉండేది. స్టాప్‌వాచీ పెడితే 9 నుంచి 11 నిమిషాలు. స్ప్రేస్కర్ట్ (కూర్చునే చోట నీళ్లు పడకుండా నడుము చుట్టూ బిగించే గుడ్డ) విప్పాలి, వెనక హ్యాచ్‌లో (మూత ఉన్న సామాన్ల అరలో) ఉన్న బాటిల్ కోసం పక్క పడవ పట్టుకోవాలి, మూత మళ్లీ సరిగ్గా పడిందో లేదో చూడాలి. నీళ్లు డెక్ (పడవ పైభాగం) మీదికి, తినేవి లైఫ్ జాకెట్ జేబులోకి మార్చాక 7 నిమిషాలకు తగ్గింది. షీట్లో మాత్రం 10 అనే ఉంచాం. మూడు విరామాలు, 30 నిమిషాలు.

మొత్తం: 230

ఒడ్డెక్కడం దగ్గర అసలు పెద్ద చిల్లు బయటపడింది. చిన్న అలలు విరిగే తీరంలో ఒకరి తర్వాత ఒకరే దిగాలి. ఇద్దరు ఒకే అల మీద వస్తే ఒకరి పడవ ఇంకొకరి వీపుకు తగులుతుంది. ముందు మనిషి దిగి, పడవను పైకి లాగి, తెడ్డు నిలువుగా ఎత్తితే రెండో మనిషి రావాలి. తెడ్డు తల మీద అడ్డంగా పట్టుకుంటే ఆగాలి. ఇలా చేస్తే మనిషికి 3 నిమిషాలు పడుతోంది. ఎనిమిది మందికి 24. మళ్లీ నీళ్లలోకి దిగడానికి ఇంకో 24. మధ్యలో తిండికి 30. మొత్తం 78.

మొత్తం: 308

బయలుదేరేటప్పుడు 24, చివర్లో ఒడ్డెక్కడానికి 24.

మొత్తం: 356

అంటే 156 నిమిషాలు తెడ్డు వేయకుండానే పోయాయి. మొదటి షీట్ మొత్తం కంటే ఇదే ఎక్కువ. ఇది చూశాక గుంపులో వేగం పెంచాలన్న వాదన తనంతట తానే ఆగిపోయింది. అరనాట్ వేగం కోసం తేలిక తెడ్డు కొనే బదులు ఒడ్డెక్కడం సాధన చేస్తే ఎక్కువ మిగులుతుంది.

ఇదే దశలో అలల గడి కూడా మారింది. పాత గడిలో "అల 1 మీటరు వరకు సరే" అని ఉండేది. అదే 1 మీటరు ఉన్న రోజుల్లో ఒకసారి హాయిగా దిగాం, ఇంకోసారి ఒడ్డు దగ్గర మూడు పడవలు తలకిందులయ్యాయి. తేడా ఎత్తులో లేదు, అలకూ అలకూ మధ్య సెకన్లలో ఉంది. లోతు నీళ్లలో అల పొడవు మీటర్లలో కావాలంటే ఆ సెకన్లను వాటితోనే హెచ్చించి 1.56తో గుణించాలి. 6 సెకన్ల అల 56 మీటర్లు, 12 సెకన్ల అల 225 మీటర్లు. అల తన పొడవులో సగం లోతు దగ్గరే అడుగును తాకడం మొదలుపెడుతుంది. అంటే 12 సెకన్ల అల 112 మీటర్ల లోతు నుంచే అడుగుతో తలపడుతూ వచ్చి, ఒడ్డు దగ్గర బాగా ఎత్తు లేచి విరుగుతుంది. దూరపు తుపానుల నుంచి వచ్చే స్వెల్ (పొడవాటి అల) ఇలాంటిదే. ఇక్కడ ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రోజున కూడా వస్తుంది.

ఇంకో మాట. వాతావరణ సూచనలో ఇచ్చే అల ఎత్తు, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. ఒంటరి అల ఒకటి దానికి దాదాపు రెట్టింపు రావచ్చు. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి కాబట్టి, దిగే ముందు విరిగే చోటుకు బయట 10 నిమిషాలు ఊరికే కూర్చుని చూడటం ఇప్పుడు నియమం. ఆ 10 నిమిషాలూ అక్కడికి ముందున్న విరామంలోనివే, అందుకే లెక్క పెరగలేదు.

కొత్త గడి: 8 సెకన్లలోపు అయితే 1 మీటరు, 8 నుంచి 11 అయితే 0.6, అంతకు మించితే మరుగున్న తీరం తప్ప దిగకూడదు.

## దశ 3: బోల్తా, గాలి

బోల్తా పడ్డవారిని తిరిగి పడవెక్కించే పద్ధతి టీ-రెస్క్యూ, నిశ్చల నీటిలో రెండు నిమిషాల్లో అయిపోతుంది. సాయం చేసేవారు బోల్తా పడ్డ పడవ ముక్కును తమ డెక్ మీదికి లాగి నీళ్లు కార్చి, తిప్పి, పక్కన పట్టుకుంటే నీళ్లలో ఉన్నవారు వెనక డెక్ మీదుగా ఎక్కుతారు. షీట్లో ఆ రెండు నిమిషాలే రాశాం. తర్వాత 14 నాట్ల గాలిలో, అలలున్న చోట, కావాలనే ఒకరిని బోల్తా కొట్టించి కొలిచాం. 12 నిమిషాలు పట్టింది. ఎక్కడ పోయాయో విడగొట్టాం:

1. జతగాడు చేరుకోవడం: 3 నిమిషాలు (150 మీటర్ల దూరంలో ఉన్నాడు, పైగా ఈల వినపడలేదు)
2. ముక్కు పట్టి నీళ్లు కార్చడం: 2
3. పైకెక్కడం: 4 (రెండుసార్లు జారిపడ్డాక)
4. మిగిలిన నీళ్లు పంపుతో తోడి స్ప్రేస్కర్ట్ బిగించడం: 3

చల్లటి నీళ్లలో ప్రాణరక్షణ గురించి చెప్పేవాళ్లు 1-10-1 అనే లెక్క చెబుతారు. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత 10 నిమిషాలు చేతులు పనిచేస్తాయి, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. మా 12 నిమిషాల పక్కన ఆ 10 నిమిషాల అంకె పెట్టి చూస్తే చాలు, టెన్షన్ వచ్చేస్తుంది. పైకెక్కే బలం పోయాక పడవ పక్కకు వచ్చి ఏం లాభం?

మార్చినవి రెండు. ఒకటి, గాలి 10 నాట్లు దాటితే జతలోని ఇద్దరి మధ్య దూరం మామూలు గొంతుతో మాట వినపడేంతే. రెండు, చేతులతో పైకి లాక్కోవడం మానేసి, ముందు ఒక కాలి మడమను కాక్‌పిట్ (కూర్చునే గుంట) అంచుకు తగిలించి దొర్లుతూ ఎక్కడం. అది రానివాళ్లకు కాలు పెట్టుకోవడానికి ఒక పట్టీ వేలాడదీస్తాం. చేరడం 1, కార్చడం 2, ఎక్కడం 1, తోడటం 2. ఇప్పుడు 6 నిమిషాలు. దుస్తులు కూడా గాలి వేడిని బట్టి కాదు, నీటి చలిని బట్టే. ఒడ్డున చెమట పడితే పట్టనీ.

ఇదే పరీక్షలో జీపీఎస్ ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ 12 నిమిషాల్లో రెండు పడవలూ గాలివాటున 370 మీటర్లు కొట్టుకుపోయాయి, దాదాపు 1 నాట్. మా రూటు గీత రాళ్లకు 150 మీటర్ల దూరంలో ఉంది! గాలి రాళ్ల వైపు ఉంటే, మనిషి పైకెక్కేలోపే రాళ్ల మీద ఉంటాం. గీతను 500 మీటర్లకు జరిపాం. ఇప్పుడు 6 నిమిషాల్లోనే ఎక్కిస్తున్నాం కదా, దగ్గరగా వెళ్లొచ్చు కదా అన్న వాదన వచ్చింది. ఒప్పుకోలేదు. రాళ్లకు కొట్టుకుని తిరిగొచ్చే అలలు వచ్చే అలలతో కలిసి నీళ్లను కుతకుతలాడిస్తాయి. బోల్తా పడే చోటు కూడా అదే.

బోల్తా ఒకటి, మళ్లీ అందరూ కూడటం: 20 నిమిషాలు.

మొత్తం: 376

గాలి గడి విషయానికొస్తే, పాత షీట్లో "గాలి: పర్వాలేదు / ఎక్కువ" అని రెండే మాటలు ఉండేవి. ఎక్కువంటే ఎంత అన్నది ఒడ్డున నిలబడి, అప్పటికే పడవలు దించేశాక వాదించుకునే విషయం కాకూడదు. గాలి తోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10 నుంచి 15 నాట్లంటే సగం పెరిగినట్టు అనిపిస్తుంది కానీ, ఒంటి మీద పడే బలం 2.25 రెట్లు.

అదే మైలును 14-15 నాట్ల ఎదురుగాలిలో గుంపుగా వెళ్లి కొలిస్తే 2 నాట్లు వచ్చింది. వెనకగాలిలో 3.4. వెనకగాలి ఇచ్చేది ఎదురుగాలి లాక్కునేదాన్ని పూడ్చదు. అందుకే ప్లానులో వెళ్లేటప్పుడు గాలి సాయం ఏమీ రాసుకోం. వచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటుందనే రాసుకుంటాం. తిరుగు 5 మైళ్లకు 100 బదులు 150 నిమిషాలు.

మొత్తం: 426

చేతిలో పట్టుకునే గాలి మీటర్‌తో ఒక ఇబ్బంది ఉంది. సూచనల్లో ఇచ్చే గాలి 10 మీటర్ల ఎత్తులోది. ఒడ్డున చేయెత్తి కొలిస్తే అంతకంటే తక్కువే చూపిస్తుంది. "చూశారా, సూచన 15 అంది, ఇక్కడ 11 ఉంది" అని బయలుదేరదీసే మనిషి ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. మీటర్‌ను సంచిలోంచే తీసేశాం. నీళ్ల మీద కళ్లే చాలు. బ్యూఫోర్ట్ కొలమానం పుట్టిందే అలా కదా. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 19వ శతాబ్దం మొదట్లో ఓడ తెరచాపలను చూసి గాలిని అంచనా కట్టే వరుస ఒకటి రాసుకున్నాడు. మనకు తెరచాప లేదు, తెల్ల నురగ ఉంది. అక్కడక్కడ నురగ కనిపిస్తే 3 (7-10 నాట్లు). ఎటు చూసినా తరచుగా కనిపిస్తే 4 (11-16 నాట్లు).

వెంట తీసుకెళ్లే కార్డు మీద ఇప్పుడున్నవి (గాలి నాట్లలో):

1. సగటు 10 లోపు, విసురు (ఒక్కసారిగా లేచే గాలి) 15 లోపు: ప్లాన్ ప్రకారం.
2. సగటు 10-15: ఇరుకు దాటకుండా లోపలే తిరిగే చిన్న రూటు.
3. సగటు 15 పైన, లేదా విసురు 20 పైన: పడవలు దించొద్దు.
4. తీరం నుంచి సముద్రంలోకి వీచే గాలి 10 దాటితే: సగటు ఎంతున్నా ఒడ్డు వదలొద్దు. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, మోసమంతా అక్కడే. బయటికి వెళ్లేకొద్దీ అల పెరుగుతుంది, తిరిగి రావడం ఎదురుగాలికి.

హద్దు 10 దగ్గర ఉండగా, సాయంత్రం 15 ఎదురుగాలి ఎందుకు రాశామని అడగొచ్చు. ఎండకు నేల వేడెక్కాక మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది. పొద్దుటి సూచనకు అది అదనం.

## దశ 4: ఇరుకు

ఎక్కువ కాలం పట్టిన దశ ఇది.

మొదటి ఊహ: పోటు పట్టికలో నీళ్లు పూర్తిగా నిండే సమయం ఉంది కదా, ఆ సమయానికి ఇరుకులో ప్రవాహం ఆగిపోతుంది, అప్పుడు దాటేద్దాం. వెళ్లి చూస్తే నీళ్లు జోరుగా లోపలికి పోతూనే ఉన్నాయి. నీటి ఎత్తు పెరగడం ఆగే సమయం, ప్రవాహం ఆగే సమయం ఒకటే కానక్కర్లేదు. ఇరుకు వెనక పెద్ద నీటి మడుగు ఉంటే అది నిండేదాకా ప్రవాహం సాగుతూనే ఉంటుంది. కొండ మీద కూర్చుని, నీళ్లలోకి కర్రముక్కలు వేయించి, రెండు రాళ్ల మధ్య అవి పట్టే సమయం కొలిచాం. మా ఇరుకులో ప్రవాహం ఆగేది పట్టిక సమయానికి 50 నిమిషాల తర్వాత. కర్రముక్క, స్టాప్‌వాచీ, ఓపిక. వేరే పరికరం అక్కర్లేదు.

ఆ తర్వాత ప్రవాహ వేగానికి 50/90 సూత్రం వాడాం. ఆగిన తర్వాత 1వ గంటకు గరిష్ఠ వేగంలో 50 శాతం, 2వ గంటకు 90, 3వ గంటకు 100, 4వ గంటకు 90, 5వ గంటకు 50, 6వ గంటకు మళ్లీ సున్నా. నిజానికి ఒక పోటు నుంచి మరో పోటుకు 12 గంటల 25 నిమిషాలు కాబట్టి, ఒక నిలకడ (ప్రవాహం ఆగే సమయం) నుంచి ఇంకో నిలకడకు 6 గంటల 12 నిమిషాలు, అంటే 372 నిమిషాలు. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో మా ఇరుకులో గరిష్ఠ వేగం 3 నాట్లు, అష్టమి దాటిన ఒకటి రెండు రోజుల్లో 1.5.

ఇప్పుడు మా గుంపు అంకెల్ని దీని మీద పెట్టాం. గడియారం మొదటి పడవ దించినప్పుడు మొదలు.

1. అందరూ నీళ్లలోకి: 24వ నిమిషం.
2. ఇరుకు, 2 మైళ్లు: 64వ నిమిషం. ఇదే నిలకడ సమయం కావాలి.
3. ఇసుక తీరం ముందు, ఒక విరామంతో: 134.
4. దిగి, తిని, మళ్లీ నీళ్లలోకి: 212.
5. ఎదురుగాలిలో 3 మైళ్లు వెనక్కి, ఒక విరామం, ఒక బోల్తా: 332వ నిమిషానికి ఇరుకు.

తర్వాతి నిలకడ 436కి. అంటే 104 నిమిషాలు ముందే వచ్చేస్తాం. అప్పటికి మొదటి నిలకడ దాటి 4 గంటల 28 నిమిషాలు. ప్రవాహం గరిష్ఠంలో సుమారు 70 శాతం, మాకు ఎదురు. పెద్ద పోటు రోజున అది 2.1 నాట్లు. 2 నాట్లతో వచ్చే గుంపు 2.1 నాట్ల ముందు తెడ్డు ఎంత వేసినా నిలబడిపోతుంది, ఇంకా కాస్త వెనక్కే పోతుంది.

మొదట తట్టిన మందు: ఇసుక తీరంలో ఇంకో 104 నిమిషాలు కూర్చుందాం. మొత్తం 530 అవుతుంది, అయినా నీళ్లు మనవైపు తిరుగుతాయి. షీట్లో రాసేశాం కూడా. గాలి గడితో కలిపి చదివినప్పుడు కొట్టేశాం. సాయంత్రం గాలి మాకు ఎదురు. అప్పటిదాకా ప్రవాహం కూడా ఎదురే కాబట్టి గాలీ నీరూ ఒకే దిక్కుకు పోతున్నాయి, అల పొడవుగా, మెత్తగా ఉంటుంది. ప్రవాహం మావైపు తిరగ్గానే అది గాలికి ఎదురెక్కుతుంది. అలలు పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తాయి, అదీ ఇరుకులో, అదీ అందరూ అలసిన వేళ. సాయం చేసే ప్రవాహమే బోల్తా కొట్టిస్తుంది.

రెండో మందే నిలిచింది. ఈ రూటును అష్టమి తర్వాతి చిన్న పోటు రోజుల్లోనే పెట్టుకోవాలి. అప్పుడు 332వ నిమిషానికి ఎదురు ప్రవాహం సుమారు 1 నాట్. ఇరుకు పొడవు అరమైలు. 2 నాట్లతో 15 నిమిషాల్లో అయ్యేది, ఇప్పుడు నికరంగా 1 నాట్‌తో 30 నిమిషాలు. అదనం 15.

మొత్తం: 441 నిమిషాలు, అంటే 7 గంటల 21 నిమిషాలు

బయలుదేరే సమయం ఇప్పుడు వెనక నుంచి వస్తుంది: పట్టిక సమయం, దానికి 50 కలిపి, 64 తీసేయాలి. అంటే పట్టిక సమయానికి 14 నిమిషాల ముందు మొదటి పడవ నీళ్లలో ఉండాలి. అక్కడి నుంచి 441 నిమిషాలకు ఒడ్డు, దానికీ సూర్యాస్తమయానికీ మధ్య కనీసం 2 గంటలు మిగలాలి. మిగలకపోతే ఆ రోజు ఈ రూటు లేదు. ఆదివారమే కావాలని పట్టుబడితే నెలలో ఎక్కువ ఆదివారాలు పనికిరావు. ఇది గుంపులో కొందరికి ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

చిన్న పోటు ఇంకో మేలు చేసింది. నీటి ఎత్తు మారడానికి పన్నెండో వంతుల సూత్రం ఉంది. ఆరు గంటల్లో వరసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు దిగుతుంది. మేం ఇసుక తీరంలో ఉండే 78 నిమిషాలూ సరిగ్గా వేగంగా దిగే వేళ. పోటుకూ ఆటుకూ నీటి ఎత్తులో తేడా 4.8 మీటర్లున్న రోజున ఆ 78 నిమిషాల్లో నీరు సుమారు 1.6 మీటర్లు దిగుతుంది. 30కి 1 వాలున్న తీరంలో అంటే 47 మీటర్లు. సామాన్లతో ఉన్న ఎనిమిది పడవల్ని అంత దూరం మోయాలి. తేడా 2.4 మీటర్లున్న రోజున 23 మీటర్లే.

## దశ 5: కార్డు, రేడియో, ఒడ్డున ఉన్న మనిషి

షీట్ ఇంట్లో ఉంటుంది. డెక్ మీద ఉండేది అరచేతి కంటే కాస్త పెద్ద లామినేట్ కార్డు. మొదటి కార్డులో అన్నీ ఇరికించాం, అలలో ఊగుతూ ఒక్క అక్షరం చదవలేకపోయాం. ఇప్పుడు అందులో ఉన్నవి: నిమిషాల వరుస, దిక్సూచి కోణాలు, మధ్యలో దిగగలిగే చోట్లు, తిరుగు గంట. 150వ నిమిషానికి ఇసుక తీరం ముందు లేకపోతే, ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. ఇసుక తీరం కంటికి కనిపిస్తున్నా సరే.

వీహెచ్ఎఫ్ రేడియోలు (సముద్రంలో పడవలు మాట్లాడుకునేవి) రెండు. ఒకటి ముందు మనిషి దగ్గర, ఒకటి చివరి మనిషి దగ్గర, హ్యాచ్‌లో కాదు, లైఫ్ జాకెట్ మీద. ఆపదకు 16వ చానెల్. చేతి రేడియో 5 వాట్లదే, పైగా చూపు మేరకే పనిచేస్తుంది. పడవలో కూర్చుంటే కళ్లు నీటికి 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి, అంటే దిగంతం దాదాపు 3.2 కిలోమీటర్ల దూరంలోనే. కొండ అడ్డొస్తే మైలు దూరంలో కూడా ఒక్క ముక్క వినపడలేదు. అందుకే ఇరుకుకు ఇటు సగం మంది, అటు సగం మంది ఎప్పుడూ ఉండకూడదు.

ఒడ్డున ఉన్న మనిషికి మేం మొదట ఇచ్చిన సమాచారం: "సాయంత్రానికి వచ్చేస్తాం." డ్రిల్ పెట్టి, మేం రాలేదనుకుని ఏం చేస్తారో చేసి చూపమన్నాం. ఎన్ని పడవలు, ఏ రంగులు, ఎటు వెళ్లాం, ఎవరికి ఫోన్ చేయాలి, ఏదీ తెలియదు. ఇప్పుడు ఆ మనిషికి ఇచ్చేవి:

1. పడవలన్నీ ఒడ్డున వరసగా పెట్టి తీసిన ఫోటో, అదే రోజుది.
2. రూటు గీత, దిగగలిగే చోట్లు.
3. ఒడ్డెక్కే సమయం, దానికి 60 నిమిషాలు కలిపిన సమయం. ఆ రెండోది దాటితే మాకు ఫోన్ చేస్తూ కూర్చోకుండా నేరుగా తీర రక్షణ నంబరుకు చేయాలి.
4. ఆ నంబరు, అక్కడ చదివి వినిపించాల్సిన నాలుగు వాక్యాలు.

"చేరాం" అన్న కబురు పంపే పని చివరి మనిషిదే. అందరి పనిగా ఉన్నప్పుడు ఎవరో ఒకరు పంపే ఉంటారనుకుని ఎవరూ పంపలేదు.

## ఇంకా నిండని గడి

లాగుడు తాడు 15 మీటర్లది, నడుముకు ఒక్క గుంజుతో విడిపోయే బెల్టుతో. నిశ్చల నీటిలో ఒకరిని ఒకరు లాగితే 1.9 నాట్లు, ఇద్దరు వరసగా లాగితే 2.3. ఇసుక తీరం నుంచి ఒకరే లాగుతూ వెనక్కి రావాలంటే 158 నిమిషాలు, అదీ గాలి లేకపోతే. ఎదురుగాలిలో లాగే వేగం ఇంకా కొలవలేదు. కొలిచేదాకా గడిలో 1 నాట్ అని పెన్సిల్‌తో రాసి ఉంచాం.

ఆ అంకెతో చూస్తే ఇసుక తీరానికీ ఇరుకుకూ మధ్య దిగే చోటు లేని 2 మైళ్లకు 120 నిమిషాలు పడుతుంది. ఇద్దరు లాగుతుంటే మిగిలిన అయిదుగురు ఆ రెండు గంటలూ చలిలో వాళ్ల పక్కనే నెమ్మదిగా కదలాలి. చార్టులో ఆ మధ్యలో రాళ్ల వెనక ఒక చిన్న వంక కనిపిస్తోంది. నీళ్లు బాగా దిగినప్పుడు అందులో ఎనిమిది పడవలకు చోటుందో లేదో చూడాలి. ఉంటే మధ్యలో దిగగలిగే చోట్ల వరసలో చేరుతుంది, లేకపోతే వెనక్కి తిరిగే చోటును ఒక మైలు ఇవతలికి జరపాలి, నిమిషాలన్నీ మళ్లీ మొదటి నుంచి వేయాలి.